దండ పడిన దయ్యం

ఇప్పటిదాకా జరిగింది రెండు ముక్కల్లో చెప్పొచ్చు. తండ్రి ఫయాజ్ పోయాక తెనాలిలో విగ్రహాల షెడ్డును షబ్నం ఒక్కతే నెట్టుకొస్తోంది. బాపట్లలో సముద్రం వైపు విల్లాలు కట్టి అద్దెకిచ్చే అజయ్ బాబు ఆమెకు ఆరు దయ్యాల బొమ్మలు పురమాయించాడు. హాలోవీన్ అని దయ్యాల పండగొకటి ఉందట. హైదరాబాదు నుంచి దిగే గెస్టులకు అది కావాలట. షబ్నం చేసింది, తీసుకెళ్లింది, ఆయన పెరట్లో సిమెంటు పోసి నిలబెట్టి వచ్చింది. పండగ రేపనగా పొద్దున్నే ఫోను.

"మీరు పెట్టిన పొడుగు దయ్యానికి ఎవరో దండ వేశారు మేడమ్. కటింగ్ మిషను పట్టుకుని వెంటనే రండి."

అంతే, పెట్టేశాడు.

దయ్యానికి దండ ఎవరు వేస్తారు? తెనాలి నుంచి బస్సులో షబ్నం బుర్రలో ఇదే తిరుగుతోంది. పక్క సీట్లో శాలేమురాజు, ఒళ్లో గోనెసంచిలో కటింగ్ మిషను. అతనిది భట్టిప్రోలు. షెడ్డులో చేరి రెండేళ్లయింది. వెల్డింగూ, ఫైబరూ రెండు పనులూ చేస్తాడు. ఎవరో ఆకతాయిలు వేసుంటారని తేల్చేశాడు. పొన్నూరు దాటాక మళ్లీ తనే గొణిగాడు, ప్లాస్టిక్ దండైతే ఆకతాయి పనేగానీ బంతిపూల దండైతే మాత్రం ఆలోచించాలని.

బంతిపూలే. మోకాళ్ల దాకా వేలాడుతోంది. మధ్యలో లిల్లీ పూలు కూడా గుచ్చారు.

పెరడంటే మన పెరళ్లలాంటిది కాదు. పచ్చగడ్డి పరుపు. దాని మీద నడవొద్దని బోర్డు. ఆ గడ్డికి అడ్డంగా, ఈ చివర విల్లా గోడ నుంచి ఆ చివర రొయ్యల చెరువు గట్టు దాకా ఆరు బొమ్మలు ఒకే వరసలో నిలబడి ఉన్నాయి. ఎముకల గూడు, చీపురు పట్టుకున్న ముసలిది, ముసుగు కప్పుకున్న పొడుగు దయ్యం, గుమ్మడికాయ తలవాడు, గుడ్డలు చుట్టిన శవం, రెక్కల మనిషి. మూడోది పొడుగు దయ్యం. దాని కుడిచెయ్యి పైకెత్తి, వేలు చాచి ఉంటుంది. దయ్యం వేలెందుకు చూపిస్తుందని అడక్కండి. షెడ్డులో అంత పొడుగు బొమ్మకి ఉన్న ఫ్రేము ఒకటే, నాయకుల ఫ్రేము. ఏది చేసినా ఆ చెయ్యి లేస్తుంది.

షబ్నంకి దండకన్నా ముందు చెప్పులు కనపడ్డాయి. గడ్డి అంచున పాతిక ముప్పై జతలు వరసగా విడిచి ఉన్నాయి. ఆ మనుషులంతా పొడుగు దయ్యం చుట్టూ ఒట్టికాళ్లతో, చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. దయ్యం ముందు చెప్పులు విడిచిన జనాన్ని ఆమె ఎక్కడా చూడలేదు. తను చేసింది ఏంటో తనకే అర్థం కాలేదు.

అజయ్ బాబు ఎదురొచ్చాడు. మంచినీళ్లు తాగారా అని అడిగాడు. మర్యాదస్తుడు. తర్వాత తనకు కావలసింది చెప్పాడు. ఈ ఒక్క బొమ్మ తీసెయ్యాలి. రేపు సాయంత్రంలోగా దాని చోట ఇంకోటి పెట్టాలి, ఏదైనా ఫరవాలేదు, మొహం లేనిదైతే మంచిది. కానీ సరిగ్గా ఆ గుంతలోనే పెట్టాలి. ఆ మాట రెండుసార్లు అన్నాడు.

పీకడం కుదరదని షబ్నం చెప్పింది. కుదరకుండా చేసిందే తను. పోయినేడు థర్మాకోల్ దయ్యాలు తెచ్చి పెడితే ఒక్క గాలికే లేచిపోయి రొయ్యల చెరువులో పడ్డాయట. ఈసారి ఎద్దొచ్చి గుద్దినా కదలకూడదన్నాడు ఆయన. కదలకుండా నిలబెట్టడం షెడ్డుకి ఒక్క పద్ధతిలోనే తెలుసు, సెంటర్లో నాయకుడి విగ్రహం నిలబెట్టే పద్ధతి. కాళ్లలో నుంచి లావు కడ్డీలు కిందికి దిగుతాయి. గుంతలో వాటికి ప్లస్ ఆకారంలో అడ్డకడ్డీలు వెల్డింగ్ చేసి కంకర, సిమెంటు పోస్తారు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా రెడాక్సైడ్ రెండు పూతలు. గాలి కొడితే దూరిపోవడానికి ముసుగు వెనక చిల్లులు. తీయాలంటే చీలమండల దగ్గర కొయ్యాల్సిందే.

"కోసెయ్యండి" అన్నాడు అజయ్ బాబు.

శాలేమురాజు సంచిలో నుంచి మిషను తీశాడు. జనంలో నుంచి ఒక మనిషి అడ్డం వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి, కళ్లు ఎర్రగా ఉన్నాయి, చేతులకి ఇంకా బంతిపూల పసుపు అంటుకుని ఉంది. డొంక అవతల పేట వాళ్లబ్బాయి కరుణాకర్.

"మా నాన్న కాళ్లు కోస్తారా?" అన్నాడు.

షబ్నం అతని మొహంలోకి చూసింది. దయ్యం మొహంలోకి చూసింది. ఈయన తాగున్నాడేమో అనుకుంది. కరుణాకర్ జేబులో నుంచి ఫోను తీసి ఒక ఫొటో చూపించాడు. ఏదో ధర్నా. ఒక పెద్దమనిషి చెయ్యెత్తి మాట్లాడుతున్నాడు. లాఠీ దెబ్బకి ఎడంపక్కకి ఒరిగిన ముక్కు, గడ్డం మీద లోతుగా నొక్కు. సంజీవరావు గారు, పోయి ఆరేళ్లు. షబ్నం మళ్లీ తలెత్తింది. ముసుగు కింద నల్లరంగులో, లోపలికి పోయిన చెంపల మధ్య అదే ముక్కు, అదే నొక్కు.

ఆమె శాలేమురాజుని పక్కకి లాగి, మొహం ఎక్కడి నుంచి తెచ్చావని అడిగింది. అతను దాచలేదు. షెడ్డు వెనక అటక మీద పాత అచ్చులు పడి ఉంటే ఒకటి దించాడు. ఫైబరు పోశాడు, ఆరకముందే చెంపలు నొక్కాడు, కళ్లు గుంటలు చేశాడు.

"దయ్యమంటే చచ్చిపోయిన మనిషే కదక్కా. మనిషి మొహమే పెట్టాను" అన్నాడు.

అప్పుడు షబ్నంకి గుర్తొచ్చింది. బాపట్ల నుంచి పదిమంది వచ్చి నాన్న చేస్తున్న మట్టి మొహం చుట్టూ నిలబడ్డారు. ముక్కు ఇంకాస్త పక్కకి, ఇంకాస్త అని చెప్తూనే ఉన్నారు. తను టీలు ఇచ్చి లోపలికి వెళ్లిపోయింది. అచ్చు తీయడం వరకూ అయింది. ఊరి సెంటర్లో విగ్రహానికి పర్మిషన్ రాలేదని పని ఆగిపోయింది. ఆ తర్వాత నాన్నే పోయాడు. సెంటర్లో చోటు దొరకని మనిషి ఇన్నాళ్లూ అటక మీద పడుకుని, ఇప్పుడు దయ్యమై ఇక్కడ లేచాడు.

క్షమించమని అడుగుదామని జనం దగ్గరికి వెళ్లింది షబ్నం. తిడతారని, కొడతారనీ అనుకుంది. ఎవరూ తిట్టలేదు. ఒకామె కొంగుతో దయ్యం పాదాల మీద దుమ్ము తుడుస్తోంది. రంగు మారిస్తే సరిపోతుందని ఒకాయన అంటున్నాడు. ముసుగు తీసేసి చొక్కా వెయ్యొచ్చా అని ఇంకొకాయన అడుగుతున్నాడు. కరుణాకర్‌కైతే ఒకటే లెక్క. పర్మిషన్ ఇవ్వనివాళ్లు ఇవ్వకపోతే పోయారు, మా నాన్న తన చోటు తనే వెతుక్కుని నిలబడ్డాడంటున్నాడు. ఇందులో సంతోషపడాలో సిగ్గుపడాలో షబ్నంకి తేలలేదు.

అజయ్ బాబు ఇదంతా విన్నాడు. విన్నంతసేపూ ఆయన మొహం మారుతూనే ఉంది. ముందు చిరాకు, తర్వాత భయం. తర్వాత ఏదో వెలుగు. తన బూట్లు విప్పాడు. నిజంగానే విప్పాడు. గడ్డి మీద ఒట్టికాళ్లతో నడిచొచ్చి దయ్యానికి దండం పెట్టాడు.

తనకు తెలియక కొయ్యమన్నాననీ, సంజీవరావు గారంటే తనకూ గౌరవమేననీ చెప్పాడు. బొమ్మ ఇక్కడే ఉంటుంది, ఎవరూ ముట్టుకోరు. రంగు తనే వేయిస్తాడు. చుట్టూ పాలరాతి గద్దె కట్టిస్తాడు, ఇనప రెయిలింగ్ పెట్టిస్తాడు, రాత్రిళ్లు లైటు కూడా. పండగైపోగానే పని మొదలు. జనం చప్పట్లు కొట్టారు. కరుణాకర్ ఆయన చేతులు పట్టుకుని ఏడ్చాడు. శాలేమురాజు మిషను మళ్లీ సంచిలో పెట్టేశాడు.

అంతా మంచే జరిగింది. మరి ఇందాక సరిగ్గా ఆ గుంతలోనే ఇంకోటి పెట్టమని రెండుసార్లు ఎందుకన్నాడు? షబ్నంకి ఆ ముక్క ముల్లులా అడ్డంపడింది. అడగడానికి మాత్రం నోరు రాలేదు. తప్పు తనది. దాన్ని అందరూ కలిసి మాఫీ చేస్తుంటే మధ్యలో తనెవరు?

అప్పుడు ఆటో దిగింది రిబ్కమ్మ.

సంజీవరావు భార్య. రేపల్లెలో కూతురు జెస్సీ ఇంటికెళ్లి ఉంది. కొడుకు ఫోను చేసి నాన్న విగ్రహం లేచిందమ్మా అంటే, చేతిలో సంచితో అట్లాగే బయల్దేరింది. వచ్చినామె చెప్పులు విడవలేదు. దండ వంక చూడలేదు. మొగుడి మొహం వంక అసలే చూడలేదు. నేల చూసుకుంటూ ఆ ఆరు బొమ్మల వరసకి ఈ పక్క నుంచి ఆ పక్కకి నడిచింది. మూడోదాని దగ్గర ఆగి, రెండోదానికీ దానికీ మధ్య రెండు చేతులూ చాపింది. చేతులు పూర్తిగా చాపకముందే రెండు బొమ్మలూ తగిలాయి. అటుపక్క నాలుగోదానికీ అట్లాగే చాపింది.

"ఈ బొమ్మలు పాతింది ఎవరు?" అని అడిగింది.

నేనేనండి అంది షబ్నం.

"ఫయాజ్ గారి అమ్మాయివా?"

"అవునండి పిన్నిగారు."

"మీ నాన్న మంచోడు. గుంతలు ఎక్కడ తియ్యాలో నువ్వే చెప్పావా, నీకు ఎవరన్నా చెప్పారా?"

షబ్నంకి గుంతలు తీసిన రోజు కళ్లముందుకొచ్చింది. తనైతే ఒకటి చెట్టు కింద, ఒకటి మెట్ల దగ్గర, ఒకటి గోడ వార పెడదామంది. దయ్యాలు వరసలో నిలబడితే స్కూలు ప్రేయరులాగా ఉంటుందని నవ్వింది కూడా. అజయ్ బాబు నవ్వలేదు. ముగ్గుపిండి తెప్పించి, గడ్డి మీద ఈ చివర నుంచి ఆ చివరకి గీత తనే గీశాడు. పొడుగుదాని గుంత దగ్గర మటుకు బూటు మడమతో గుర్తుపెట్టి, ఇక్కడ, ఒక్క జానెడు కూడా జరగొద్దన్నాడు. ఫొటోల కోసమేమో అనుకుంది తను.

"ఆయనే చెప్పారండి" అంది.

రిబ్కమ్మ తల ఊపింది. తర్వాత చెప్పింది, గొంతు పెంచకుండా, షబ్నంకి చెప్తున్నట్టే అందరికీ.

ఈ గడ్డి కింద డొంక ఉంది. పేట నుంచి సమాధుల తోటకి పోయే దారి అదొక్కటే. ఒక పక్క చెరువులు, ఒక పక్క విల్లాలు. మిగతా అయిదు బొమ్మలూ ఆయన సొంత స్థలంలోనే ఉన్నాయి. వాటితో పేటకి పనిలేదు. డొంక ఉన్నది రెండో బొమ్మకీ నాలుగో బొమ్మకీ మధ్య. దాని నడిబొడ్డున ఉన్నది మూడోది ఒక్కటే. పోయినేడు ఇక్కడ ముళ్లకంచె వేస్తే పేటంతా వచ్చి కూచుంది. అధికారులు వచ్చి కంచె పీకించి, గోడా కంచే ఏదీ కట్టడానికి వీల్లేదని రాసిచ్చి పోయారు. బొమ్మ గోడ కాదు. బొమ్మ కంచె కాదు. పండగ అలంకారం.

"ఈ సందులో మనిషి పడతాడు" అంది రిబ్కమ్మ. "పెట్టె పట్టదు."

శవం పెట్టెను నలుగురు భుజాల మీద మోస్తారు. అటు ఇద్దరు, ఇటు ఇద్దరు. ఆ సందుల్లో నుంచి మనుషులు ఒక్కొక్కరే దూరుకుంటూ పోవచ్చు. పెట్టె మోసేవాళ్లు పోలేరు. షబ్నం నేల చూసింది. గడ్డి కింద ఉన్న అడ్డకడ్డీలు ఆమెకు కనపడుతున్నట్టే ఉంది. గట్టిగా ఉండాలి, గట్టిగా ఉండాలి అని ఆయన అన్నప్పుడల్లా పనితనాన్ని మెచ్చుకుంటున్నాడనుకుని మురిసిపోయింది. ఇప్పుడు పాలరాతి గద్దె వస్తుందట, రెయిలింగూ వస్తుందట. అప్పుడిక మనిషి కూడా పట్టడు. దారి మూసేది ఆయన కాదు, పేటవాళ్లే చప్పట్లు కొట్టి మూయించుకుంటారు.

అజయ్ బాబు నొచ్చుకున్నాడు. మంచికి పోతే ఇట్లాగే అంటారన్నాడు. దారి కావాలా, పెద్దాయన కావాలా, మీరూ మీరూ తేల్చుకోండి, నాదేం లేదన్నాడు.

రిబ్కమ్మ అప్పుడు తలెత్తింది. చాలాసేపు చూసింది. ఎవరేమనుకున్నా ఆమె చూసింది దయ్యాన్ని కాదు. నల్లరంగు కిందున్న మనిషిని.

"ముక్కు సరిగ్గానే వచ్చింది" అంది మెల్లగా. తర్వాత శాలేమురాజు వైపు తిరిగింది. "మిషను తియ్యి నాయనా. కోసెయ్యి."

కరుణాకర్ ఒక్క ఉరుకున వెళ్లి బొమ్మ మోకాళ్లు కౌగిలించుకుని కూలబడ్డాడు. సెంటర్లో చోటివ్వలేదు, పంచాయతీ దగ్గర చోటివ్వలేదు, ఇన్నేళ్లకి నిలబడితే కన్నతల్లే కొయ్యమంటుందా అని మొత్తుకున్నాడు. జనం రెండుగా చీలారు. ఆమె అన్నదే నిజమని కొందరు. దండ వేసిన మనిషిని కొయ్యడం అరిష్టమని కొందరు. ముందు పక్కకి జరిపి పెడదామని ఒకాయన, అది జరిగే బొమ్మ కాదని ఇంకొకాయన. ఇందాక పాదాలు తుడిచినామె కొంగు నోట్లో కుక్కుకుని నిలబడింది. అప్పుడు అందరూ కలిసి షబ్నం వైపు చూశారు, చేసిందానివి నువ్వే, నువ్వు చెప్పు అన్నట్టు.

ఆమె ఏం చెప్తుంది? కొయ్యకపోతే అజయ్ బాబు దారి మూస్తాడు. కోస్తే నాన్న చేసిన మొహం, వీళ్లు ఏళ్లతరబడి అడిగిన మొహం మట్టిలో పడుతుంది. పేట నిలువునా చీలుతుంది. దానికీ ఆయన నవ్వుతాడు. తను తప్పు చేయకుండా ఉంటే ఇక్కడ ఒట్టి దయ్యం ఉండేది, ఒట్టి దయ్యాన్ని అందరూ కలిసి నరికేవాళ్లు. ఆ తప్పు వల్లే ఇప్పుడు దానికి ఇంతమంది కాపలా.

అయినా సంచి విప్పింది. శాలేమురాజు చేతిలో నుంచి వైరు తీసుకుని విల్లా గోడకున్న ప్లగ్గులో తనే పెట్టింది. మిషను నొక్కింది. తిరగలేదు. అజయ్ బాబు వరండాలో మెయిన్ స్విచ్ దగ్గర నిలబడి ఉన్నాడు, చెయ్యి దాని మీదే ఉంది.

"కరెంటు నాది మేడమ్" అన్నాడు. గొంతులో ఇప్పటికీ మర్యాదే.

అప్పుడే గంట మోగింది.

పేటలో చర్చి గంట. ఒకసారి మోగి ఆగింది. చాలాసేపటికి మళ్లీ ఒకసారి. ఆరాధనకైతే గబగబా మోగుతుంది, ఇట్లా ఆగి ఆగి మోగదు. షబ్నంకి తెలియలేదు గానీ చుట్టూ ఉన్న మొహాలు చూస్తే చావు గంటని అర్థమైంది. శాలేమురాజు నెత్తిమీద టోపీ తీశాడు. మంచం పట్టి రెండేళ్లైన జాన్ బాబు తాత పేరు ఎవరో గొణిగారు. కంచె వేసినప్పుడు పక్కన కూచోడానికి సంజీవరావు లేకపోయెనే అంటూ, లేవలేని కాళ్లతో మంచం మోయించుకుని వచ్చి ఇదే డొంకలో పడుకున్న ముసలాయన. రేపు పొద్దున ఆయన పెట్టె ఈ దారినే రావాలి.

రిబ్కమ్మ శాలేమురాజు సంచిలో తనే చెయ్యి పెట్టి వెతికింది. హ్యాక్సా దొరికింది. చేత్తో కోసే రంపం, దానికి కరెంటు అక్కర్లేదు. తీసుకెళ్లి కొడుకు ముందు గడ్డి మీద పెట్టింది. పక్కనే కూచుంది, మోకాళ్లు నొప్పులు కాబట్టి కాస్త కష్టపడే కూచుంది.

"మీ నాన్న పెట్టె ఈ దారినే పోయిందిరా" అంది. "ముందు పక్కన నువ్వే మోశావు. రేపు జాన్ బాబు తాతకి ఆయనే అడ్డం నిలబడితే, ఆ మొహం నేను చూడలేను. వేరేవాళ్ల చెయ్యి పడనివ్వవుగా. నువ్వే కొయ్యి."

కరుణాకర్ బొమ్మ కాళ్ల మీద నుంచి మొహం ఎత్తలేదు. గంట మళ్లీ మోగింది. వరండాలో అజయ్ బాబు పోలీసులకు ఫోను చేస్తున్నాడు, వాళ్లు విగ్రహం పగలగొడుతున్నారు, వెంటనే రండి అంటున్నాడు. షబ్నం వెళ్లి రెండో చీలమండ దగ్గర కూలబడి, తను వెల్డింగ్ చేయించిన కడ్డీ ఉన్నచోట చేత్తో తడిమింది. ఎంత లావు పెట్టింది.

ఎదురుగా కరుణాకర్ చేతులు మెల్లగా విడివడ్డాయి. ఒక చెయ్యి రంపం మీద పడింది. దాన్ని ఎత్తాడు. కొయ్యడానికో, చెరువులోకి విసిరెయ్యడానికో అతని మొహంలో ఎవరికీ కనపడలేదు. గేటు బయట జీపు ఆగిన చప్పుడైంది.